ఏశావు తాత ముసుగు తీయించిన డాక్టరు

రోవీనా హైన్స్ సాధించిన విజయాల్లో మొదటిది ఏశావు తాత చేత ముసుగు తీయించడం. అప్పటికి ఆమెకు ఎనిమిదేళ్ళు. ఆ తరవాత బడిలో బహుమతులు తెచ్చుకుంది, వైద్య కళాశాలలో సీటు తెచ్చుకుంది, తుపానులో చిక్కిన పడవలో కాన్పు చేసింది. అవన్నీ కెటిల్ ఆర్మ్ రేవులో ఎవరిని కదిపినా వరసగా అప్పజెబుతారు. అయినా ముందు చెప్పేది మాత్రం ముసుగు సంగతే.

క్రిస్మస్ మర్నాటి నుంచి జనవరి ఆరు దాకా మా రేవులో ఎవరూ తమలాగా ఉండరు. మగవాళ్ళు పెళ్ళాల గౌన్లు, ఆడవాళ్ళు మొగుళ్ళ రబ్బరు బూట్లు తొడుక్కుంటారు. బూట్లు కూడా ఎడమది కుడికి, కుడిది ఎడమకి. వీపున దిండు కట్టి గూని తెచ్చుకుని, ముఖం మీద కిటికీ తెర కప్పుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ఊపిరి లోపలికి పీలుస్తూ మాట్లాడతారు. అట్లా మాట్లాడితే గొంతు ఎవరిదో కన్నతల్లికి కూడా తెలియదు. లోపల ఉన్నదెవరో ఇంటివాళ్ళు పోల్చుకోవాలి. పోల్చుకుంటే ముసుగు తియ్యాల్సిందే. తీశాక ఆ ఇంటివాళ్ళు ఏది ఇస్తే అది కాదనకుండా పుచ్చుకోవాలి. అది రమ్ము కావచ్చు, కేకు ముక్క కావచ్చు, ట్రైఫీనా హైన్స్ ఇంట్లో అయితే ఏడాది పొడుగునా దాచిపెట్టిన చివాట్లు కావచ్చు. కాదన్నవాడి వలలో ఆ ఏడాది చేప పడదు. అట్లా కాదన్నవాడు ఒకడు ఉండేవాడనీ, అతను చివరికి నగరానికి పోయి ఇన్సూరెన్సు అమ్ముకున్నాడనీ చెప్పుకుంటారు.

బైబిల్లో ఏశావు, తమ్ముడు తన వేషం వేసుకుపోయి తండ్రి దీవెన కొట్టేస్తే మోసపోయినవాడు. మా ఏశావు పార్డీ వేషంతో ఊరంతటినీ మోసం చేసినవాడు. పెళ్ళికూతురుగా వచ్చాడు, బిషప్పుగా వచ్చాడు, ఒక ఏడాది అయితే ఈనబోయే ఆవుగా వచ్చి ట్రైఫీనా వంటింట్లో పడుకున్నాడు. ఒక్కరూ పోల్చలేకపోయారు. ట్రైఫీనా అతని సొంత చెల్లెలు. ఆమె కూడా ఆవుకి గడ్డి వేసి పంపింది గాని అన్నని పోల్చలేదు.

రోవీనా ఆ ట్రైఫీనాకి మనవరాలు. తల్లిదండ్రులు అవతలి తీరంలో చేపల ఫ్యాక్టరీ పనికి పోతే నాయనమ్మ దగ్గరే పెరిగింది. మూడు క్రిస్మస్‌లు ఆ పిల్ల ఏశావు తాత వేషం చుట్టూ తిరిగి ఓడిపోయింది. ఓడినప్పుడల్లా ఏడ్చేది, ఏడ్చినప్పుడల్లా ఇంకాస్త జాగ్రత్తగా చూసేది. నాలుగోసారి బుట్ట పట్టుకుని ఒక లావుపాటి ముసలమ్మ వచ్చింది. అందరూ ముఖం మీది తెర వంక చూస్తుంటే పిల్ల ముసలమ్మ చేతుల వంక చూసింది. కూర్చోబోయే ముందు ముసలమ్మ కుర్చీని అరచేత్తో ఒకసారి నొక్కి చూసింది.

"తాతా, ముసుగు తియ్యి," అంది రోవీనా.

"తాత ఎవరమ్మా, నేను ఆడమనిషిని," అంది ముసలమ్మ ఊపిరి లోపలికి పీలుస్తూ.

"కుర్చీ విరగదులే తాతా. నాయనమ్మ నిన్ననే మేకులు కొట్టించింది."

ఒకప్పుడు అసలు బిషప్పు ఎదుటే కుర్చీ విరిగి ఏశావు వెల్లకిలా పడ్డాడు. అప్పటి నుంచి నొక్కి చూడందే ఏ కుర్చీలోనూ కూర్చోడు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. చూసింది మాత్రం ఆ పిల్ల ఒక్కతే.

ఏశావు ముసుగు తీసి, రమ్ము పుచ్చుకుని, పిల్లని ఎగాదిగా చూశాడు. "ట్రైఫీనా, ఇది పోలీసన్నా అవుతుంది, డాక్టరన్నా అవుతుంది. పోలీసయితే మన సీసాలకి ముప్పు. డాక్టర్నే చేద్దాం," అన్నాడు. ఆ రమ్ము సముద్రం అవతలి ఫ్రెంచివాళ్ళ దీవి నుంచి ఏ దారిన వచ్చిందో అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఇక ఆ తరవాతవి. పన్నెండో ఏట గార్లండ్ బాబాయ్ చెవిలో దిగిన గాలాన్ని, అతను పాట పాడుతుండగానే, పాట ఆగకుండా తీసింది. రెండు గదుల బడిలో చదివి, మూడు అంతస్తుల బడిలో చదివినవాళ్ళని వెనక్కి నెట్టింది. కెటిల్ ఆర్మ్ నుంచి సెయింట్ జాన్స్ నగరానికి పోయి వైద్యం చదివిన మొదటి మనిషి. శవాన్ని కోసే రోజున మగపిల్లలిద్దరు కళ్ళు తిరిగి పడిపోతే, వాళ్ళ కాళ్ళు పైకెత్తి పట్టుకుని, మిగిలిన చేత్తో పని కానిచ్చిన మొదటి మనిషి. ఈ చివరిది తాత కల్పించాడని కొందరు అంటారు. పడవ దిగిన ప్రతి కొత్తవాడికీ ఇవన్నీ చెప్పి గాని తాత దారి వదిలేవాడు కాదు. ఒకసారి మీటర్లు చూడ్డానికి వచ్చిన కరెంటు మనిషి అంతా ఓపిగ్గా విని, "ఇంతకీ ఆ అమ్మాయికి పెళ్ళయిందా?" అని అడిగాడు. తాత అతనికి మళ్ళీ మొదటి నుంచీ వినిపించి పంపాడు.

మా వైద్యశాల రేవు పైన, గట్టు మీద ఉంది. నీలం రంగు, మంచి కిటికీలు, ఒక నర్సు. లేనిదల్లా డాక్టరు. డాక్టరు రావాలంటే హెలికాప్టరు రావాలి, హెలికాప్టరు రావాలంటే పొగమంచు ఒప్పుకోవాలి. పొగమంచుకి మామీద ఎప్పుడూ అంత దయ లేదు. పూర్తి లైసెన్సున్న డాక్టరు ఎవరైనా వచ్చి ఉంటానంటే ఉద్యోగం ఖాయం చేస్తామని పైవాళ్ళు మాటిచ్చారు. రోవీనా ఉంటానంది. ఆసుపత్రి శిక్షణ ముగింపుకొచ్చింది. మిగిలిందల్లా ఆఖరి లైసెన్సు పరీక్ష.

ఆ పరీక్ష కోసం ఊళ్ళో అందరికంటే ఎక్కువగా ఎదురుచూసినవాడు ఏశావు తాత. కారణం ప్రేమ ఒక్కటే కాదు. ఆ చలికాలం నుంచీ తాతకి ఊపిరి అందడం లేదు. గట్టు ఎక్కుతూ సగంలో ఆగి, వాతావరణం చూస్తున్నట్టు ఆకాశం వంక చూసేవాడు. మబ్బు లేని రోజున కూడా చూసేవాడు. మంచం మీద పడుకుంటే ఉక్కిరిబిక్కిరి అవుతుందని, పొయ్యి చల్లారిపోతుందేమోనని వంక పెట్టి పొయ్యి పక్క కుర్చీలోనే నిద్రపోయేవాడు. నర్సు బెర్నిస్ ఒక్కతే కనిపెట్టింది.

"నగరానికి పోయి గుండె చూపించుకో తాతా. కాళ్ళు చూడు, ఎట్లా ఉబ్బాయో."

"నా రొమ్ము మీద చెవి పెడితే మా రోవీనాయే పెట్టాలి. అదీ లైసెన్సు వచ్చాక. ఆ నగరం కుర్రాళ్ళ చేతికి నేను నా పడవ తాడు కూడా ఇవ్వను."

"అప్పటిదాకా ఆగుతుందా నీ గుండె?"

"నా గుండె నా మాట వింటుంది. నువ్వు మాత్రం నోరు మూసుకో. నర్సులు ఒట్టేసుకుంటారటగా, ఎవరి రోగం ఎవరికీ చెప్పబోమని."

ఒట్టు ఉన్నమాట నిజమే. బెర్నిస్ నోరు మూసుకుంది గాని ఆ రోజు నుంచి తాత కనిపిస్తే చాలు, గుడ్లురిమేది.

పరీక్ష మే నెలలో జరిగింది. ఫలితం జూలైలో వచ్చింది. ట్రైఫీనా వంటింట్లో ఫోను మోగింది. అందరూ వినేట్టు పెట్టారు.

"నాయనమ్మా, పోయింది," అంది రోవీనా.

"ఏం పోయింది, సూట్‌కేసా?"

"పరీక్ష."

తాత ఫోను దగ్గరికి జరిగాడు. "నీకు రాని ప్రశ్న అడిగే మొనగాడు ఎవడే?"

"ప్రశ్నలు కాదు తాతా. గదులు ఉంటాయి. ఒక్కో గదిలో ఒక్కో మనిషి రోగంతో కూచుని ఉంటాడు. గంట మోగేలోగా చూసి, వైద్యం చెప్పి, పక్క గదిలోకి పోవాలి. వాళ్ళు నిజం రోగులు కాదు. నటులు."

"నటులా? జీతమిచ్చి మరీ వేషాలు వేయిస్తారా?" తాత గొంతులో అసూయ దాగలేదు.

"ఎంత బాగా వేశారనుకున్నావు. కాలేజీలో కూడా ఇట్లాంటి పరీక్షలు పెట్టేవాళ్ళు గాని, అక్కడివాళ్ళకి వేషం చేతకాదు, కాబట్టి నేను నాలుక కరుచుకుని నెట్టుకొచ్చాను. వీళ్ళు అట్లా కాదు. మొదటి గదిలో ఒకాయన కడుపునొప్పని మెలికలు తిరిగిపోతున్నాడు. నిజం చెమట. నాకు చెయ్యి ఆగలేదు, నోరు ఆగలేదు. 'మీకు కడుపు నొప్పి లేదండీ, మెడ కింద చిన్న గడ్డ ఉంది, అది చూపించుకోండి, ఇక ముసుగు తియ్యండి' అనేశాను."

"ఉందా గడ్డ?"

"ఉంది. ఆయనకే తెలియదు. పాపం, మూలుగు మధ్యలో ఆపి తడుముకున్నాడు. మూలన కూచున్న పరీక్షకుడు రాయడం ఆపేశాడు."

"పక్క గదిలో?"

"పక్క గదిలో మొగుడు వదిలేశాడని ఒకావిడ ఏడుస్తోంది. నేను ఆవిడ గోళ్ళు చూశాను. 'మీరు తోటపని చేస్తారు, పొద్దున్నే మొగుడితో కలిసి ఉల్లిపాయలు నాటారు' అన్నాను."

అక్కడిదాకా బిగబట్టుకున్న గార్లండ్ బాబాయ్ బల్ల మీద పడి నవ్వాడు. ట్రైఫీనా ఏప్రన్ ముఖానికి అడ్డం పెట్టుకుంది. కెటిల్ ఆర్మ్‌లో పుట్టిన ఎవరు ఆ గదిలోకి పోయినా అదే చేసేవాళ్ళు. వేషం ఎదురుగా కూర్చుంటే పోల్చకుండా ఉండటం మాకు తుమ్ము ఆపుకోవడం లాంటిది. తాత కూడా నవ్వడం మొదలుపెట్టాడు. సగంలో ఊపిరి చాలక ఆగి, కిటికీలోంచి వాతావరణం చూశాడు.

"మళ్ళీ ఎప్పుడే?"

"అక్టోబరులో."

తాత ఇంకొంచెం సేపు వాతావరణం చూశాడు.

ఆగస్టులో రోవీనా సెలవు మీద ఇంటికి వచ్చేసరికి తాత ఏర్పాట్లన్నీ చేసి పెట్టాడు. పోల్చుకోవడం నేర్పిన ఊరే పోల్చుకోకుండా ఉండటం కూడా నేర్పాలని అతని వాదన.

"ఆగస్టులో ముసుగులా? అపశకునం అన్నయ్యా," అంది ట్రైఫీనా.

"శకునానికి క్యాలెండరు చూడటం రాదులేవే."

కట్టడి ఇది. ట్రైఫీనా వంటిల్లు పరీక్ష గది. ట్రైఫీనా పరీక్షకురాలు, కళ్ళజోడు పెట్టుకుని మూలన కూర్చోవాలి, నవ్వకూడదు. ముసుగు వేసుకున్న మనిషి రోగం చెబుతాడు. వంటింటి గడియారం గంట కొట్టేదాకా రోవీనా వేషాన్ని వేషమని అనకూడదు, చెప్పిన రోగాన్నే నమ్మి వైద్యం చెయ్యాలి. నోరు జారితే ఒక చెంచా కాడ్ చేప కాలేయపు నూనె తాగాలి. గంట కొట్టాక మాత్రం పాత ఆచారమే: పోల్చుకో, ముసుగు తీయించు, చేతికి ఏదో ఒకటి ఇయ్యి.

మొదట వచ్చింది గార్లండ్ బాబాయ్. పెళ్ళాం గౌను, పొట్టకి రెండు దిళ్ళు. "నెలలు నిండాయి డాక్టరమ్మా," అన్నాడు ఊపిరి లోపలికి పీలుస్తూ.

"బాబాయ్, నీ గడ్డం బయటికి వచ్చింది," అంది రోవీనా.

ట్రైఫీనా చెంచా అందించింది.

రెండోసారి పిల్ల పళ్ళు బిగించింది. "ఎన్నో కాన్పమ్మా ఇది?"

"నాకేం తెలుసు? మా ఆవిణ్ణి అడగాలి."

"బిడ్డ కదులుతోందా?"

"ఇందాక గట్టు ఎక్కుతుంటే జారి కిందికి పోయింది. మళ్ళీ పైకి తోసుకున్నా."

రోవీనా ముఖం ఎర్రబడింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అయినా పొట్ట మీద చెయ్యి వేసి బిడ్డ తల ఎటుందో చూసింది. గంట కొట్టింది. ఈసారి నవ్వినందుకు చెంచా పరీక్షకురాలే తాగింది.

ఆ సెలవు నడుస్తుండగానే ఊళ్ళో కొత్త గొడవ మొదలైంది. డిసెంబరులో పోల్చకపోతే వేషగాడికి గొప్ప. ఆగస్టులో ఆ పిల్ల కళ్ళెదుట కూర్చున్నా గంట దాకా పోల్చకుండా "మీ పేరేమిటండీ, ఏ ఊరండీ" అని అడుగుతుంటే జనానికి చిర్రెత్తింది. "నా ఒళ్ళో పెరిగి, నా చేతి రొట్టె తిని, నన్నే ఏ ఊరని అడుగుతావా?" అని ఒకామె తెర పైకెత్తి మరీ దులిపింది. ఎండ మండిపోతుంటే ఉన్ని స్వెట్టర్లు, రబ్బరు బూట్లు, ముఖాన కిటికీ తెరలు వేసుకుని జనం ట్రైఫీనా ఇంటి ముందు వరసలో నిలబడేవారు. షికారు పడవలో ఎవరో పరాయివాళ్ళు రేవు దాకా వచ్చి, ఆ వరస చూసి, లంగరు వెయ్యకుండానే పడవ తిప్పుకుని పోయారు.

సెలవు ఆఖరి సాయంత్రం ఏశావు తాత వచ్చాడు.

అతను రాకుండా ఉండాల్సింది. కాని రేవులో అందరికంటే గొప్ప వేషగాడు ఇంట్లో కూర్చుంటే పరువేం కావాలి? పైగా లెక్క అంతా వేసుకునే వచ్చాడు. గంట దాకా ఆ పిల్ల పోల్చకూడదు, గంట కొట్టిన మరుక్షణం తను గుమ్మం దాటేస్తాడు. రోగం కూడా గుండెకి వీలైనంత దూరంగా ఉన్నది చూసుకున్నాడు: కాలి బొటనవేలి వాతం. నగరపు దొరసాని వేషం. పెద్ద టోపీ, తెల్లటి తెర, పొడుగు గౌను, కింద ఎవరివో పెద్ద కొలత బూట్లు. కుర్చీ నొక్కకుండా కూర్చోవడం ఇంట్లో సాధన చేసుకుని మరీ వచ్చాడు. నొక్కలేదు. సూటిగా కూర్చున్నాడు.

"బొటనవేలు డాక్టరమ్మా," అన్నాడు. "దుప్పటి తగిలినా ప్రాణం పోతోంది."

రోవీనా అడగాల్సినవన్నీ అడిగింది. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏం తింటారు, ఏం తాగుతారు, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా. దొరసాని అన్నిటికీ కులుకుతూ జవాబిచ్చింది. రోవీనా మందు చెప్పింది, పథ్యం చెప్పింది, ఏవైనా సందేహాలున్నాయా అని కూడా అడిగింది. మూలన ట్రైఫీనా తల ఊపింది. ఇంత నిండుగా ఆ పిల్ల ఎప్పుడూ చెయ్యలేదు.

గంట కొట్టింది. దొరసాని లేచేసరికి రోవీనా గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది.

"నాయనమ్మా, గంటయింది. ఇక పోల్చచ్చుగా?"

"పోల్చుకో."

"ఈ దొరసాని మా తాత."

"కుర్చీ నొక్కలేదు కదే," అన్నాడు తాత కులుకు వదిలేసి, ఉక్రోషంగా.

"నొక్కకుండా ఉండటానికి కుడిచెయ్యిని ఎడమచేత్తో పట్టుకున్నావు. ముసుగు తియ్యి."

తాత టోపీ, తెర తీశాడు. గార్లండ్ చప్పట్లు కొట్టాడు. ట్రైఫీనా రమ్ము సీసా అందుకుంది.

"సీసా అక్కడ పెట్టు నాయనమ్మా. తాతా, బూట్లు కూడా తియ్యి."

"బూట్లు వేషం కాదు."

"అవే వేషం. వేలు చూపిద్దామని వంగబోయి, ఊపిరాడక మళ్ళీ లేచావు. ఊపిరి లోపలికి పీలుస్తూ మాట్లాడింది వేషం కోసం అనుకున్నారు వీళ్ళంతా. నీకిప్పుడు ఇంకో రకంగా మాట్లాడటం చేతకావట్లేదు."

రోవీనా మోకాళ్ళ మీద కూర్చుని తనే బూటు లాగింది. కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కి వదిలింది. రొట్టె పిండి మీద వేలి గుర్తులా అక్కడ గుంట అట్లాగే నిలిచింది. ట్రైఫీనా కళ్ళజోడు తీసేసింది. గుమ్మం దగ్గర బెర్నిస్, చలికాలం నుంచీ మోస్తున్న బరువు దించుకున్నదానిలా, గోడకి ఆనుకుంది.

"సరే, కనిపెట్టావు," అన్నాడు తాత నెమ్మదిగా. "నీకోసమే ఆగాను. ఇప్పుడు మాత్రం నీకేం లైసెన్సు ఉంది? అక్టోబరు రానీ, పరీక్ష గట్టెక్కు, అప్పుడు చూద్దువుగాని."

"లైసెన్సు సంగతి ఎవరెత్తారు? నేను డాక్టరుగా అడగట్లేదు. నువ్వు ముసుగు తీశావు. ఈ ఇంట్లో ఏది ఇస్తే అది కాదనకుండా పుచ్చుకోవాలి."

"ఏం ఇస్తావు?"

"రేపటి పడవలో చోటు. నగరంలో నా పైడాక్టరు దగ్గరికి. బెర్నిస్ తోడొస్తుంది, నేనూ ఆ పడవలోనే పోతున్నాను."

తాత చెల్లెలి వంక చూశాడు. చెల్లెలు రమ్ము సీసాని అల్మరాలో పెట్టి తాళం వేస్తోంది. గార్లండ్ వంక చూశాడు.

"కాదంటే చేప పడదు మావయ్యా," అన్నాడు గార్లండ్. "నువ్వూ నేనూ ఒకే పడవ. నా పిల్లల ముఖం చూసి పో."

"పిల్లని డాక్టరు చేద్దామన్నది ఏ వెధవో," అన్నాడు తాత.

పోయాడు. అతని గుండె అలసట గురించి నగరం కుర్రాళ్ళు చెప్పినవన్నీ విన్నాడు, వాళ్ళకి రోవీనా విజయాలన్నీ వినిపించాడు. ఒంట్లో నీరు తీసే మాత్రలు ఇచ్చారు, ఉప్పు మానమన్నారు. పుట్టినప్పటి నుంచీ ఉప్పుచేపే అన్నం అయినవాడు ఆ మాట విని, గుండె పోయినా బాగుండేదన్నాడు. అయినా మానాడు. సెప్టెంబరు చివరికి ఆగకుండా గట్టు ఎక్కుతున్నాడు, ఎక్కుతూ మాట్లాడుతున్నాడు. అంతకు ముందే నయమని గార్లండ్ అంటాడు.

అక్టోబరులో రోవీనా మళ్ళీ ఆ గదుల్లోకి పోయింది. కడుపునొప్పి అన్నవాడికి కడుపునొప్పి వైద్యమే చేసింది. ఏడ్చిన ఆవిడకి రుమాలు ఇచ్చింది, గోళ్ళు చూడలేదు. ఒక గదిలో గంట మోగాక, గుమ్మం దాటుతూ, "అన్నగారూ, ఆ పుట్టుమచ్చ ఒకసారి చూపించుకోండి," అని మెల్లగా అని పోయిందని చెప్పుకుంటారు. అందో లేదో ఆమె చెప్పదు, ఆ గదుల సంగతి బయట చెప్పకూడదట. జూలైలో అంతా చెప్పేసిన మనిషి ఇప్పుడు ఇట్లా నోరు కట్టుకుందంటే శిక్షణ బాగానే పట్టిందన్నమాట.

డిసెంబరులో ఫోను వచ్చింది. ఎత్తింది తాత.

"ఏం పోయిందే ఈసారి?"

"ఏం పోలేదు తాతా. వచ్చింది. పూర్తి లైసెన్సు."

తాత ఫోను చెల్లెలి చేతికిచ్చి, కిటికీ దగ్గరికి పోయి చాలాసేపు వాతావరణం చూశాడు. ఊపిరి బాగానే ఆడుతోంది. ఆ తరవాత చర్చికి పోయి, ఎవర్నీ అడక్కుండా గంట కొట్టాడు. మంటలంటుకున్నాయనుకుని జనం బకెట్లతో పరిగెత్తుకొచ్చారు. వచ్చినవాళ్ళని వచ్చినట్టే నిలబెట్టి, కుర్చీ దగ్గర్నుంచి లైసెన్సు దాకా అన్నీ వినిపించాడు. కెటిల్ ఆర్మ్‌లో పుట్టి, కెటిల్ ఆర్మ్ వైద్యశాలలో కూర్చోబోయే మొదటి డాక్టరు. రెండో డాక్టరు వచ్చేదాకా ఈ గొప్ప చెక్కుచెదరదు.

వైద్యశాల గుమ్మం మీద ఆమె పేరు గార్లండ్ రాశాడు. మొదటి రోగిగా తన పేరు రాసి పెట్టమని తాత బెర్నిస్‌ని వేధిస్తున్నాడు. ఊరంతా కలిసి ఇంకో కుట్ర కూడా చేస్తోంది. పడవ వచ్చే వేళకి రేవులో మగా ఆడా అందరూ ఏశావు తాత వేషంలోనే ఉంటారు: అదే టోపీ, అదే స్వెట్టరు, ముఖాన తెర. ప్రతివాడి పక్కనా ఒక కుర్చీ. ఆమె పడవ దిగగానే అందరూ ఒకేసారి కుర్చీ నొక్కి కూర్చుంటారు. అసలు తాతని ఈసారి దేవుడు కూడా పోల్చలేడని తాత ఢంకా బజాయించి చెబుతున్నాడు. ట్రైఫీనా మాత్రం ఏమీ అనకుండా, ఉప్పు లేని కేకు ఒకటి చేసి, ముసుగు తీశాక అతని చేతికి ఇవ్వడానికి దాచిపెట్టింది.

పడవ వచ్చేది డిసెంబరు ఇరవై ఆరు, శుక్రవారం మధ్యాహ్నం, పొగమంచు ఒప్పుకుంటే.